పాడేది మనం, మీటలు ఎవరి చేతిలో?

(కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో పాటలు పాడేది మనమే. మైకు సెట్టు దగ్గర కూచుని మన గొంతు పెంచేదీ తగ్గించేదీ మాత్రం ఎప్పుడూ ఒక మగమనిషే. సంగీత పరిశ్రమలోనూ ఇదే శ్రమ విభజన. అందుకే ఇంగ్లండు పాప్ గాయని ఇమోజెన్ హీప్ గురించి చెబుతాను.

1977లో పుట్టిన ఈమె హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో బడిలోని అటారి కంప్యూటర్ మీద రికార్డింగు తనకు తానే నేర్చుకుంది. 1998లో మొదటి ఆల్బమ్ వచ్చింది. కొన్నాళ్లకు కంపెనీ అండ పోయింది. అప్పుడామె తన ఫ్లాటు తాకట్టు పెట్టి, సొంత ఖర్చుతో 'స్పీక్ ఫర్ యువర్‌సెల్ఫ్' తయారుచేసి 2005లో సొంత లేబుల్ మీద విడుదల చేసింది. ఇల్లు తన పేరున ఉండబట్టే కదా తాకట్టు పెట్టగలిగింది! ఆస్తి హక్కు గురించి మాట్లాడేటప్పుడు మనం పాటల్ని తలుచుకోం.

రాసింది, పాడింది, ప్రొడ్యూసరూ తనే. ప్రొడ్యూసరంటే మన సినిమాల్లోలా డబ్బు పెట్టేవాడు కాదు, పాట చివరికి ఎలా వినపడాలో తేల్చే మనిషి. అందులో 'హైడ్ అండ్ సీక్' అనే పాటకు వాయిద్యాలే లేవు. ఒక్క గొంతునే యంత్రం గుండా పంపి బృందగానంలా మార్చింది. 2009లో జేసన్ డెరూలో ఆ పాట ముక్క వాడుకుని చేసిన పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. దాని రచయితల్లో ఈమె పేరూ ఉంది.

తర్వాత తాను పెరిగిన ఇంట్లోనే స్టూడియో కట్టుకుని 'ఎలిప్స్' చేసింది. 2010లో దానికి గ్రామీ వచ్చింది. పాడినందుకు కాదు, రికార్డింగు ఇంజనీరుగా.

ఆమెది కూలి కుటుంబం కాదు, నిజమే. బడి, కంప్యూటర్, ఇల్లు ఉన్నాయి. అవన్నీ ఉన్న ఎందరో గాయనులు కూడా ఆ మీటల దాకా రాలేకపోయారు. శాస్త్రీయేతర సంగీతంలో ఉత్తమ ప్రొడ్యూసర్‌కు 1970ల నుంచి ఇస్తున్న గ్రామీ 2025 వరకు ఒక్క స్త్రీకీ దక్కలేదు.

మైకు సెట్టు తెచ్చినతన్ని భోజనాల తర్వాత ఓ గంట ఉండమన్నాను. నేర్చుకునేవాళ్లు పేర్లివ్వండి.