ఒక్క ఫ్లోరిన్ పరమాణువు: ఫార్మసీ స్నాతకోత్సవ ప్రసంగం

కార్టిసాల్ ఎడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే స్టీరాయిడ్ హార్మోన్. కణంలోని గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకాన్ని పట్టుకుని వాపును అణచివేస్తుంది. మినరలోకార్టికాయిడ్ గ్రాహకాన్నీ పట్టుకోగలదు. అప్పుడు మూత్రపిండాలు ఉప్పును నిలుపుకుంటాయి. వాపుకు మందుగా వాడేటప్పుడు కావలసింది మొదటి పనే. రెండోది పిలవని పేరంటం.

ఈ రెంటినీ విడదీసింది మూడు చిన్న మార్పులు. 1, 2 కార్బన్ల మధ్య ద్విబంధం చేరితే కార్టిసాల్ ప్రెడ్నిసొలోన్ అవుతుంది. వాపు తగ్గించే శక్తి సుమారు 4 రెట్లు. 9వ కార్బన్‌పై ఫ్లోరిన్ పెట్టడం 1950ల తొలినాళ్లలో జోసెఫ్ ఫ్రీడ్, ఎమిలీ సాబోల పని. దానితో ఆ శక్తి సుమారు 10 రెట్లయింది గానీ, ఉప్పును నిలిపే గుణం 100 రెట్లు దాటింది. అదే ఫ్లుడ్రోకార్టిసోన్; ఉప్పు నిలవని అడిసన్ వ్యాధికి ఇప్పటికీ అదే ఆధారం. 16వ కార్బన్‌పై మిథైల్ చేరాక ఉప్పు గొడవ దాదాపు పోయింది. మూడూ కలిస్తే డెక్సామెథసోన్. ఆ మిథైల్ స్టీరాయిడ్‌లోని నాలుగు వలయాల తలానికి కింద కాక పైన ఉంటే బీటామెథసోన్.

గ్రాహకాన్ని గట్టిగా పట్టుకోవడం ఒక్కటే బలం కాదు. మూత్రపిండాల్లోని ఎంజైము కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చి నిర్వీర్యం చేస్తుంది. 9వ కార్బన్‌పై ఫ్లోరిన్ ఉంటే ఆ పని సరిగా సాగదు. కార్టిసాల్ ప్రభావం 8–12 గంటలైతే డెక్సామెథసోన్‌ది 36 గంటలు దాటుతుంది.

ఈ రోజు పట్టా అందుకుంటున్నవారు ఈ నాలుగు వలయాలను ముగ్గు వేసినంత అందంగా గీస్తారు. ‘ఫ్లోరిన్ ఎందుకు?’ అని వైవాలో అడిగితే మాత్రం ‘బలం కోసం సార్’ అని ఊరుకుంటారు. ఏ బలం, ఏ గ్రాహకం దగ్గర, ఎంతసేపు? ఇవి చెప్పని జవాబుకు సగం మార్కులే ఎక్కువ.

ఆ మిగతా సగం మందుల షాపు కౌంటరు దగ్గర ఎదురవుతుంది. 20 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ (మందుగా వాడే కార్టిసాల్), 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్, 0.75 మి.గ్రా. డెక్సామెథసోన్ వాపుపై ఒకే సత్తువ. అంకె చిన్నదని మందు చిన్నది కాదు. 2020లో రోజుకు 6 మి.గ్రా. చొప్పున, 10 రోజులకు మించకుండా ఇచ్చినప్పుడు ఆక్సిజన్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలను తగ్గించింది డెక్సామెథసోనే. కీళ్లనొప్పులకని చీటీ లేకుండా నెలల తరబడి మింగితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, సొంత ఎడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

కౌంటరు వెనక ఉన్న పట్టభద్రుడు ముందు చీటీ అడగాలి.