దూకడం కన్నా ముందు దిగడం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం "యువత - శారీరక దారుఢ్యం". మన సభలో దారుఢ్యం గురించి చెప్పడమంటే చేపపిల్లకు ఈత నేర్పినట్టే. అందుకని మన పిల్లలు మోజుపడుతున్న పార్కూర్ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. గోడలెక్కడం, రెయిలింగులు దాటడం, ఒక గట్టు మీంచి ఇంకో గట్టుకు దూకడం, ఇవన్నీ కలిస్తే పార్కూర్. పెద్దవాళ్ళు దీన్ని కోతి చేష్టలని కొట్టిపారేస్తారు. కాని దీని మూలాలు సైనిక శిక్షణలోనే ఉన్నాయి.

1902లో కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ ద్వీపంలో పెలే అగ్నిపర్వతం బద్దలై సెయింట్ పియేర్ పట్టణం బూడిదైపోయింది. సుమారు 30 వేలమంది చనిపోయారు. అప్పుడు సహాయక చర్యల్లో పాల్గొన్న ఫ్రెంచి నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్. మనిషికి బలం ఉంటే చాలదు, ఆపదలో అది పదిమందికీ పనికిరావాలన్నది ఆయన సిద్ధాంతం. పరుగు, దూకడం, ఎక్కడం, బరువు మోయడం, ఈత అన్నీ కలిపి నావికులకు శిక్షణ ఇచ్చాడు. మనం ఆబ్‌స్టకిల్ కోర్సు అనేదాన్ని ఫ్రెంచివాళ్ళు "పార్కూర్ ద్యు కొంబతాన్", అంటే యోధుడి మార్గం అంటారు. పార్కూర్ అనే పేరు అందులోంచే వచ్చింది. ఇండోచైనాలో సైనిక పాఠశాలలో పెరిగి, పారిస్ అగ్నిమాపక దళంలో చేరిన రేమండ్ బెల్ ఈ విద్యలో ఆరితేరాడు. ఆ దళం కూడా సైన్యంలో భాగమే. ఆయన కొడుకు డేవిడ్ బెల్, అతని స్నేహితులు కలిసి పారిస్ దగ్గరి లిస్ అనే ఊళ్ళో దీనికి ఇప్పటి రూపం ఇచ్చారు. 2017లో బ్రిటన్ దీన్ని క్రీడగా గుర్తించింది. 2022లో టోక్యోలో అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య మొదటి ప్రపంచ పోటీలు పెట్టింది.

విద్య మంచిదే. చిక్కల్లా నేర్చుకునే వరసలో ఉంది.

మా కాలనీలో ఒక మాజీ సైనికుడి అబ్బాయి ఆర్మీ ర్యాలీకి తయారవుతున్నాడు. 9 అడుగుల గుంట సులువుగా దూకేవాడు. సెల్‌ఫోన్లో వీడియోలు చూసి ఒకరోజు గ్యారేజీ కప్పు మీంచి సిమెంటు గచ్చు మీదికి దూకాడు. మడమలు ముందు తగిలాయి. ఒక మడమ ఎముక చిట్లి ఆపరేషనైంది, ప్లేటు వేశారు. ప్లేటు పడిన కాలితో మెడికల్ బోర్డు ముందు నిలబడడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. చూడడానికి వెళ్తే, "అంకుల్, వీడియోల్లో దూకడమే చూపిస్తారు, ఎలా దిగాలో చూపించరు" అన్నాడు. పీటీ ఉస్తాదుగా ఎన్నో బ్యాచ్‌లు చూసిన నాకు ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

లెక్క చూడండి. ఒక మీటరు ఎత్తు నుంచి దూకితే నేలను తాకేటప్పటికి మన వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు. మూడు మీటర్ల నుంచైతే 28. కాని మోకాళ్ళు, మడమలు తట్టుకోవలసిన శక్తి మూడింతలు. ఆగ్రాలో పారా జంపు నేర్పేటప్పుడు విమానం ఎక్కించే ముందు నేల మీద పడడం నేర్పుతారు. పిల్లలకూ అదే పద్ధతి కావాలి.

ముందు నేల మీద సుద్దగీత గీసి, సరిగ్గా దానిమీదికి దూకించాలి. మునివేళ్ళ మీద, మోకాళ్ళు వంచి, చప్పుడు కాకుండా దిగాలి. చప్పుడైతే దెబ్బ కీళ్ళకు పోయినట్టే. తరువాత గడ్డిలో దొర్లడం: ఒక భుజం మీంచి వీపు మీదుగా ఏటవాలుగా రెండోవైపు తుంటికి. తల, మెడ, వెన్నుపూస నేలకు తగలకూడదు. ఇవి అలవాటయ్యాక మోకాలెత్తు గోడ. నెలల తరబడి సాధన చేశాకే ఎత్తు పెంచాలి. పాచి పట్టిన గోడ, ఊగే ఇటుక, తుప్పు పట్టిన రెయిలింగు, పాత క్వార్టర్ల సన్‌షేడ్లు నమ్మరాదు. చెయ్యి వెయ్యబోయే చోటు ముందు తట్టి చూసుకోవాలి. ఒంటరిగా చెయ్యరాదు. మేడలమీద అసలే వద్దు. తలకు దెబ్బ తగిలి వాంతులైనా, మగతగా ఉన్నా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

వద్దని కసిరితే పిల్లలు మన కంటపడకుండా చేస్తారు. చప్పట్లు కొడితే ఇంకో మేడ ఎక్కుతారు. రెండూ మనకు వద్దు. మన కాలనీల్లో రిటైరైన పీటీ ఉస్తాదులకు కొదవ లేదు. ఆదివారం పొద్దున ఒక్క గంట మైదానానికి రండి, పిల్లలకు దిగడం నేర్పండి. దూకడం వాళ్ళకు ఎలాగూ వచ్చు.

జై హింద్!