యూట్: పాత ఒంటికి కొత్త ఇంజిను

ఆస్ట్రేలియా రైతుల కోసం పుట్టి, ఆ దేశమంతా సొంతం చేసుకున్న బండి ఒకటుంది. ముందు నుంచి చూస్తే అచ్చంగా కారే. సీటు వెనక మాత్రం సామాన్లు వేసుకునే తొట్టి. దాని పేరు యూట్.

విక్టోరియా రాష్ట్రం గిప్స్‌లాండ్ ప్రాంతంలో ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందని చెబుతారు. ఆదివారం చర్చికి వెళ్లడానికీ, సోమవారం పందుల్ని సంతకు తీసుకుపోవడానికీ పనికొచ్చే బండి ఒకటి చేసిపెట్టమని అడిగిందట. ఆర్థిక మాంద్యం రోజులవి. కారొకటి, లారీ ఒకటి కొనే స్తోమత ఎవరికుంది? జిలాంగ్‌లో పనిచేసే ఫోర్డ్ డిజైనర్ లూయిస్ బ్యాండ్ట్ కారు పక్క రేకునే వెనక్కి సాగదీసి, క్యాబిన్నీ తొట్టినీ ఒకే ఒంటిగా కలిపేశాడు. 1934లో ఆ బండి రోడ్డెక్కింది.

1961లో ఫోర్డ్ వారి ఫాల్కన్ యూట్ వచ్చింది. దాని ఆరు సిలిండర్ల ఇంజిను 2.4 లీటర్లు, బలం 90 హార్స్‌పవర్. ఆ ఇంజిన్ల వంశంలో చివరి తరం 2002లో వచ్చిన 'బారా'. నాలుగు లీటర్ల ఈ ఇంజినులో టర్బో రకం బలం 240 కిలోవాట్లు, అంటే సుమారు 320 హార్స్‌పవర్. ఇప్పుడు అక్కడి మెకానిక్కులు పాత ఫాల్కన్లలో దీన్ని బిగిస్తున్నారు.

విప్పి బిగిస్తే అయిపోయే పని కాదది. బారా ఎత్తైన ఇంజిను. అడుగున ఆయిల్ సంపు పాత బండి అడ్డదూలానికి తగులుతుంది కాబట్టి సంపును కోసి, ఆకారం మార్చి, మళ్లీ వెల్డింగ్ చేయాలి. కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వస్తుంది కనుక ఎక్కువ ఒత్తిడితో పెట్రోలు తోసే పంపు కావాలి. ఇంజినును నడిపే కంప్యూటరుకు వైరింగు కొత్తగా లాగాలి. రేడియేటరు, గేర్‌బాక్సు, వెనక ఇరుసు ఆ బలానికి తగ్గవై ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. ఇంత పెద్ద మార్పును అర్హత గల ఇంజినీరు పరీక్షించి ధ్రువపత్రం ఇస్తేనే బండి రోడ్డు మీదికి రావాలి. ఆ నియమం ఉండి తీరాల్సిందే.

2016లో ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కార్ల తయారీ ఆగిపోయింది. ఫాల్కన్ యూట్ కొత్తది ఇక రాదు. ఉన్నవాటికే ఆయుష్షు పోయాలి. యూట్ పుట్టిన జిలాంగ్‌లోనే బారా ఇంజిన్లూ తయారయ్యాయి. కాబట్టి ఈ మార్పు పరాయి సొత్తును తెచ్చి అతకడం కాదు. పనిచేయడానికి పుట్టిన బండిని పనిలో ఉంచడమే దానికి మనం చేయగల మర్యాద.