బడితోటలో జామచెట్లు



ఈ శతవార్షికోత్సవములో ఆలయములను గూర్చి, దైవజనులను గూర్చి చెప్పగలవారు అనేకులున్నారు. మేము మా పాఠశాల వెనుకనున్న 40 జామచెట్లను గూర్చి చెప్పదలచితిమి.

మొదట మామిడి నాటుదమని పెద్దలనిరి. మామిడి పండునది వేసవిలో. అప్పటికి హాస్టలుకు తాళము పడును. నీళ్ళు పోసినవారు పిల్లలు, పండ్లు తినువారు మేమా? అందుచేత జామను ఎన్నుకొంటిమి. జామ వానకాలములోను కాయును గాని ఆ పండు చప్పగానుండును, పండుఈగ వలన పురుగు పట్టును. జూన్, జూలై నెలల పూత చలికాలమున తియ్యని పండ్లనిచ్చును. అప్పుడు బడి నిండుగా ఉండును. అలహాబాదు సఫేదా, లక్నో-49 అంట్లు తెచ్చి 20 అడుగుల ఎడముగా నాటితిమి.

గుంటలు త్రవ్విన మొదటి శనివారమే ఒక తండ్రి వచ్చి గుమ్మము దగ్గర నిలిచెను. "అయ్యగారూ, మా నాయన దొర దగ్గర పాలేరు. నేనూ పలుగు పట్టినోణ్ణే. నా బిడ్డ చేతికి పలక ఇస్తారని మీకు అప్పజెపితే, మళ్ళీ పారే ఇస్తిరా?" అనెను. ఆదామును తోటలో నుంచిన సంగతి మా నోటివరకు వచ్చెను గాని ఆ మనుష్యుని ఎదుట పలుకుటకు సిగ్గుపడితిమి. మన తాతలలో అనేకులు ఒరుల పొలములో పాటుపడి ఒక్క గింజపై హక్కు లేక గతించిరి. పని గౌరవప్రదమని ప్రసంగపీఠమునుండి చెప్పుట సులభమే.

ఆ రాత్రి కమిటీలో చాలసేపు వాదన జరిగెను. వచ్చిన ఆదాయము ప్రహరీగోడకు వాడవలెనని ఒకరు పట్టుపట్టిరి. చివరకు, తోటపని వారమునకు ఒక గంటయే యనియు, ఇష్టములేని బిడ్డను బలవంతపెట్టరాదనియు, పండ్లు, లెక్కలపుస్తకము పిల్లలవే యనియు తీర్మానించితిమి. గోడ ఇంకను లేదు.

తొలి పూతను గిల్లివేయించినప్పుడు పిల్లలు ఏడ్చినంత పని చేసిరి. చెట్టు బలపడుటకు అది అవసరము. లేవీయకాండము 19వ అధ్యాయములో మూడు సంవత్సరములు ఫలము తినరాదను ఆజ్ఞ ఆనాడు మాకు క్రొత్తగా అర్థమైనది.

కాపు వచ్చిన ఏట జెల్లీ చేయబూనితిమి. మిగుల పండిన పండ్లు వేసినందున మొదటిది పానకమై పోయెను. దోరకాయలలోనే పెక్టిన్ ఎక్కువని సైన్సు మాస్టరుగారు చెప్పిరి. మరుసటి వారము దోరకాయలు ముక్కలు కోసి, మునుగునంత నీటిలో ఉడికించి, గుడ్డలో వ్రేలాడగట్టితిమి. తొందరపడి పిండితే జెల్లీ మబ్బుగా నుండును. ఒక గిన్నె రసమునకు ముప్పాతిక గిన్నె చక్కెర, కొంచెము నిమ్మరసము చేర్చవలెను. గరిటె అంచునుండి చుక్కలుగా కాక రేకువలె జారినప్పుడు దించవలెను. పొయ్యి దగ్గర మాత్రము వంటమ్మగారే నిలిచిరి.

వరికంకులు, కోళ్ళు, గుమ్మడికాయలు తెచ్చు కోతపండుగనాడు ఆ సీసాలు కూడ బల్ల యెదుటికి వచ్చెను. ఆరాధన తరువాత వేలములో ఆ తండ్రి ఒక సీసా పాడుకొనెను. డబ్బు అందుకొన్నది ఆయన కూతురే. రెండు రూపాయలు తక్కువైనవి. "రేపు ఇవ్వు నాయనా, బాకీ రాసుకుంటా" అని పుస్తకము తెరచెను.