బోటు కదిలే ముందు అడగవలసిన మాట
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మన సమాఖ్యలో వేట మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. బోటు తిరిగి వచ్చేదాకా ఆ ఇంటి ఆడవాళ్లకు కంటిమీద కునుకుండదు. అందుకే మనలాంటి ఆడవాళ్లే చేసిన ఒక పని గురించి ఈరోజు చెబుతాను.

ఇంగ్లండులో హల్ అనే రేవుపట్నం ఉంది. అక్కడి మగవాళ్లు పెద్ద ట్రాలర్ల మీద ఐస్‌లాండ్ దాకా వెళ్లి, దాదాపు మూడు వారాలు వేట చేసేవారు. మగవాళ్లను సాగనంపడానికి ఆడవాళ్లు రేవుకు వెళ్లకూడదు, ఓడ కదిలిన రోజు ఇంట్లో బట్టలు ఉతకకూడదు అనేవారు. ఇలాంటి పట్టింపులు మనకూ కొత్త కాదు.

1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ ఊరి ట్రాలర్లు మూడు మునిగిపోయాయి. 58 మంది చనిపోయారు. మూడో ఓడ మీద ఒక్కడే బతికి బయటపడ్డాడు. మొదటి ఓడ జనవరి 10న బయలుదేరింది. దానిమీద రేడియో ఆపరేటర్ లేడు. ఓడ నుంచి కబురు లేదని గట్టిగా వెతకడం మొదలుపెట్టేసరికి జనవరి 26 అయింది.

అప్పుడు లిలియన్ బిలోకా అనే ఆవిడ లేచింది. చేపలు శుభ్రం చేసే చోట కూలిపని ఆమెది. భర్త, కొడుకు ఇద్దరూ సముద్రం మీదే. మేరీ డెన్నెస్, ఇవోన్ బ్లెంకిన్‌సాప్, క్రిస్టీన్ స్మాల్‌వుడ్ ఆమెతో కలిశారు. ఇంటింటికీ తిరిగి 10,000 సంతకాలు పోగుచేశారు. రేడియో ఆపరేటర్ లేకుండా ఓడ కదలకూడదని బిలోకా రేవులో నిలబడి, కదులుతున్న ఓడ ఎక్కబోతే పోలీసులు పట్టుకుని ఆపారు. తర్వాత నలుగురూ లండన్ వెళ్లి మంత్రులతో మాట్లాడారు.

ప్రతి ఓడకూ రేడియో ఆపరేటర్, మంచి వాతావరణ కబురు, వైద్యుడితో ఒక సహాయ ఓడ, కొత్త కుర్రాళ్లకు శిక్షణ. ఇవీ వాళ్లు అడిగినవి. చివరికి 88 భద్రతా చర్యలు అమలుకు వచ్చాయి.

కానీ అక్కల్లారా, బిలోకాకు దక్కిందేమిటి? ఉన్న పని పోయింది. మళ్లీ పని దొరకడమే కష్టమైంది. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. సొంత ఊళ్లోనే కొందరు ముఖం తిప్పుకున్నారు. 1988లో పేదరికంలోనే కన్నుమూసింది. ఊరు ఆమెను గౌరవించింది ఆ తర్వాత చాలా కాలానికి.

సంతకం పెట్టినవాళ్లు పదివేలమంది, దెబ్బ తిన్నది మాత్రం ఒక్కతి. మనకు సంఘం ఉంది కదా, మన దగ్గర అలా జరగకూడదు. బోటు ఓనర్ని ఒక్క భార్య అడిగితే, "నీ మొగుడికి ఇంకో బోటు చూసుకో" అంటాడు. తీర్మానం రాసి గ్రామ సంఘమంతా వెళితే ఆ మాట అనలేడు.

మనం అడగవలసినవి నాలుగు. వైర్‌లెస్ సెట్టు పనిచేస్తోందా? ఎంతమంది ఎక్కారో అన్ని లైఫ్ జాకెట్లు ఉన్నాయా? తుఫాను హెచ్చరిక చూశారా? ఎవరెవరు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఒడ్డున రాసి ఉందా? చెప్పిన రోజుకు బోటు రాకపోతే మరునాటిదాకా ఆగొద్దు. కోస్ట్‌గార్డ్ నంబరు 1554. పొదుపు పుస్తకం అట్టమీద రాసి పెట్టుకోండి.

వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఆ మర్నాటి నుంచి బోట్లు కదులుతాయి. అంతకుముందే మీ సంఘం మీటింగులో ఈ నాలుగూ తీర్మానంగా రాసి, అందరూ సంతకాలు పెట్టండి. వేటకు మగవాళ్లు లేని ఇంటి అక్క కూడా పెట్టాలి. ముందు ఆమె సంతకమే కావాలి.