కండువా మనది.. గుడ్డ ఎవరిది?

(కరీంనగర్‌లో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న ఒక చిన్న పని మీద సిరిసిల్ల పోయిన. 2011 సకల జనుల సమ్మెలో కలిసి తిరిగిన మా కాలేజీ దోస్తులం మళ్లీ ఒక్కకాడ కలుద్దామనుకున్నం. అందరికీ ఒకే తీరు టీషర్టు, మెడలో ఒక కండువా, వాటి మీద కాలేజీ పేరు ఉండాలన్నరు. ఫోన్‌లో బుక్ చేస్తే ఇంటికే వస్తయన్నడు ఒక తమ్ముడు. "పక్కన సిరిసిల్ల పెట్టుకొని ఎక్కడినుంచో తెప్పిచ్చుడేంది?" అన్న నేను. ఇగ ఆ పని నా మీదనే పడ్డది.

అది చిన్న కుట్టు కార్ఖానా. ఇరవై మంది ఆడవాళ్లు మిషన్ల మీద ఉన్నరు. టీషర్టులు కావాలంటే యజమాని నవ్విండు. "సార్, మా సాంచాల మీద ఆ గుడ్డ రాదు. అది నేసేది కాదు, అల్లేది. తిరుపూర్ నుంచి తెప్పిచ్చి పేరు అచ్చేసి ఇస్త. ఊరు సిరిసిల్లది, గుడ్డ తమిళనాడుది. సరేనా?"

నాకు సిగ్గయింది. పన్నెండేండ్లుగా వార్తలు రాస్తున్న. నేత కార్మికుల చావుల మీద రాసిన. గుడ్డ ఎట్ల తయారైతదో మాత్రం ఎన్నడూ అడుగలేదు.

ఆయననే తోలుకపోయి అంతా చూపిచ్చిండు. నూలు బయటినుంచి వస్తది. వార్పిన్ పట్టి బీముకు చుట్టుతరు. వైపని చేసేటాయన ఒక్కొక్క పోగు అతుకుతడు. కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. సాంచె నడిపే కార్మికునికి నేసిన మీటరు లెక్కన కూలి. సాంచె ఆగితే కూలి ఆగినట్టే. లంగాల నూలు గుడ్డకు ఇక్కడనే రంగులద్దుతరు. పాలిస్టర్ గుడ్డ మాత్రం చాలా వరకు పచ్చి గుడ్డగానే లారీలెక్కి వేరే రాష్ట్రాలకు పోతది. రంగు పడ్డకాడ, అచ్చు పడ్డకాడ గుడ్డకు ధర పెరుగుతది. ఆ పెరిగిన ధర నేసినోని ఇంటికి రాదు.

ఆదిలాబాద్ దిక్కు చూసినా ఇదే కథ. పత్తికి పేరున్న జిల్లా. జిన్నింగ్ మిల్లుల్లో గింజ తీసి, బేళ్లు కట్టి పంపిస్తరు. అది దారమయ్యేది ఎక్కువగా పరాయి రాష్ట్రాల్లోనే. పత్తి మన చెల్కది, సాంచె మన సిరిసిల్లది. నడుమ నూలు, చివర రంగు మనయి కావు.

2000 తర్వాతి ఏండ్లలో సిరిసిల్లను పత్రికలు ఉరిసిల్ల అని రాసినయి. రాష్ట్రం వచ్చినంక 2017లో బతుకమ్మ చీరల పథకం మొదలైంది. ఆ మొదటి ఏడు చీరల్లో కొన్ని సూరత్ నుంచి తెచ్చిండ్రు. తర్వాతి ఏండ్లలో ఆ పని సిరిసిల్లకు దక్కింది. 2023తో ఆ పథకం ఆగింది. 2024లో సాంచాలు ఆగినయి, ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చినయి. ఆ తర్వాత మహిళా సంఘాల చీరల పని ఇచ్చిండ్రు. ఏ ప్రభుత్వమని కాదు నా మాట. ఊరంతా ఒక్క చెయ్యి మీద బతికితే, ఆ చెయ్యి ఆగిననాడు పొయ్యి ఆరుతది.

మేం టీషర్టులు మానుకున్నం. సిరిసిల్ల గుడ్డతోనే 300 కండువాలు, 300 సంచులు చెప్పినం. మేం నాలుగు రంగుల బొమ్మ ఇస్తే ఆయన వద్దన్నడు. ఒక్కో రంగుకు ఒక్కో జాలీ ఫ్రేము కావాలె. పది అచ్చేసినా వెయ్యి అచ్చేసినా ఫ్రేము ఖర్చు అంతే. అందుకే ఒక్క రంగే పెట్టినం. మేం పంపిన పేరులో ఒత్తులు విడిపోయి పక్కకు పడ్డయి. ఫోన్లు మారితే తెలుగు అక్షరాలకు అయ్యే గతే అది. నమూనా చూసి దాన్ని పట్టుకున్నది మిషన్ మీది అక్క. మా డిగ్రీలు పట్టుకోలేదు.

ధర కొంచెం ఎక్కువే పడ్డది. మన 300 కండువాలతో సిరిసిల్ల బాగుపడదని నాకూ తెలుసు. నూలు మిల్లులు, రంగుల మిల్లులు ఇక్కడికి తెచ్చుడు ప్రభుత్వం పని. అది అడుగుడు మన పని. కానీ కాలేజీ పండుగలకు, ఉద్యోగ సంఘాల మహాసభలకు మనం ఏటా గుడ్డ కొంటనే ఉన్నం. పని లేని నెలల్లో, ముందుగాల, అడ్వాన్స్ ఇచ్చి చెప్పుండ్రి. చెప్పేటప్పుడు మూడు మాటలు అడుగుండ్రి. గుడ్డ ఎక్కడ నేసిండ్రు? రంగు ఎక్కడ పడ్డది? కుట్టిన చేతికి ఎంత ముట్టింది?

వచ్చేటప్పుడు ఆ అక్క ఒక మాటన్నది. "ఉద్యమంల జెండాలు కుట్టినం సార్, రాత్రి పగలు. ఎలక్షన్లల్ల అన్ని పార్టీల కండువాలు కుట్టినం. అయిపోయినంక ఎవ్వరూ ఇటు రారు."

ఈసారి ఎలక్షన్ల కంటే ముందుగాలనే మనం పోదాం.