వంటచెరకు తయారీ, గొడ్డలి సంరక్షణ

ఇవాళ నేను మాట్లాడబోయే విషయం వినగానే మీలో కొందరు నవ్వుకోవచ్చు. కట్టెలు కొట్టడం గురించి రేడియోలో చెప్పాలా, అదీ ఒక బడిపంతులు చెప్పాలా అని. మా ఊళ్ళో ఒక పెద్దాయన ముఖం మీదే అడిగాడు: "ఏం సార్, పిల్లలకు అక్షరాలు నేర్పడం అయిపోయిందా, ఇక మాకు గొడ్డలి పట్టడం నేర్పుతావా?" అని. ఆయన చేతిలో గొడ్డలి నా చేతిలో సుద్దముక్క ఆడినట్టు ఆడుతుంది. ఒప్పుకుంటాను. కానీ శ్రావణమాసంలో అదే ఇంటి కోడలు పొయ్యి ముందు కూర్చుని, గొట్టంతో ఊది ఊది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉంటుంది. ఆ ఇంటి అమ్మాయి నా తరగతికి రెండో పీరియడ్‌కు వస్తుంది. ఎందుకమ్మా ఆలస్యం అంటే, "కట్టెలు అంటుకోలేదు సార్" అంటుంది. వానాకాలపు హాజరుపట్టీ చూసినప్పుడల్లా నాకు పచ్చికట్టెల పొగే గుర్తుకొస్తుంది.

గ్యాసు వచ్చింది కదా అంటారు. వచ్చింది. 2016లో ఉజ్వల పథకం మొదలైన తరువాత మన పల్లెల్లో చాలా ఇళ్ళకు సిలిండరు చేరింది. మా ఇంట్లోనూ ఉంది. టీకి, పొద్దున పిల్లల టిఫిను డబ్బాకు గ్యాసు వాడతాం. జొన్నరొట్టెలకు, స్నానాల నీళ్ళ హండాకు, పశువులకు ఉలవలు ఉడికించడానికి మాత్రం కట్టెల పొయ్యే. అటు కృష్ణ దాటి మక్తల్ వైపు వెళ్ళినా, ఇటు తుంగభద్ర దాటి మంత్రాలయం వైపు వెళ్ళినా ఇదే తీరు. కాబట్టి కట్టె ఎలాగూ కొడతాం. కొట్టేదేదో ఒంటికి దెబ్బ తగలకుండా, కళ్ళకు పొగ తగలకుండా ఎలా కొట్టుకోవాలన్నదే నా మాట.

మన జిల్లాలో కట్టె అనగానే ముందు గుర్తొచ్చేది జాలి. తెలుగులో సర్కారు తుమ్మ అంటాం, కన్నడంలో బళ్ళారి జాలి అంటారు. పేరులో బళ్ళారి ఉన్నా దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1870ల చివర్లో అప్పటి మద్రాసు అటవీ శాఖవారు కడప జిల్లా కమలాపురంలో దీని విత్తనాలు నాటించారు. మెట్ట ప్రాంతాల్లో వంటచెరకు కరువు తీరుతుందని వారి ఆలోచన. కరువు తీరింది సరే, చెట్టు మాత్రం ఆగలేదు. మేకలు, పశువులు కాయలు తింటాయి, గింజలు పేడలో పడి పొలం గట్ల మీద, చెరువు కడుపులో, కాలువల పక్కన మొలుస్తాయి. మీలో చాలామంది దీన్ని తిట్టుకుంటూనే దీనితోనే వంట చేసుకుంటున్నారు.

జాలిని కొట్టేటప్పుడు ముందుగా ఒక సంగతి తేల్చుకోండి: ఈ చెట్టు మీకు కావాలా, వద్దా? వద్దనుకుంటే నేల మట్టానికి నరికితే లాభం లేదు. ఒక మొద్దు నుంచి పది పిలకలు వస్తాయి. మట్టి తవ్వి, వేరు మొదలును జానెడు లోతున తీసెయ్యాలి. కావాలనుకుంటే మొద్దును నేలకు జానెడు ఎత్తున, వాననీరు నిలవకుండా ఏటవాలుగా నరకండి. తరువాత వచ్చిన పిలకల్లో బలమైనవి రెండో మూడో ఉంచి మిగతావి కోసెయ్యండి. గుబురుగా వదిలేస్తే ముళ్ళు తప్ప లావు కట్టె రాదు. అలా ఉంచిన పిలకలను మూడు నాలుగేళ్ళకొకసారి కొట్టుకుంటే ఒకే గట్టు మీద ఏటా కొంత కట్టె దొరుకుతుంది.

జాలి ముల్లు పలుచని రబ్బరు చెప్పును ఇట్టే దాటి పాదంలో దిగుతుంది. టైరు చెప్పులో, గట్టి బూట్లో వేసుకోండి. కొమ్మను చేత్తో లాగకుండా కొక్కెం కర్రతో లాగండి. ముల్లు లోపల విరిగి వాపు వస్తే పసరు మందులతో రోజులు గడపకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, ధనుర్వాతం ఇంజెక్షను గురించి అడగండి.

ఇంకొక మాట. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం సొంత పొలంలోని చెట్టునైనా కొట్టే ముందు చాలావాటికి అనుమతి తీసుకోవాలి. జాలి, సుబాబుల్, సరుగుడు, నీలగిరి వంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. వేప, చింత వంటివాటి మీద గొడ్డలి పెట్టే ముందు అటవీ శాఖవారిని అడిగి తెలుసుకోండి. బండికెత్తిన తరువాత తెలుసుకుంటే జరిమానా కట్టాల్సి వస్తుంది.

ఇక గొడ్డలి సంగతి. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, కారణం ఉంది.

2014 వేసవిలో మా పక్కింటాయన గొడ్డలి అడిగితే మాది ఇచ్చాను. దాని కామ వదులైందని నాకు తెలుసు. కామ అంటే పిడి, కన్నడంలో కావు అంటారు. మన ఊళ్ళలో అందరం చేసే పనే నేనూ చేశాను. ముందురోజు రాత్రి గొడ్డలిని నీళ్ళ తొట్టిలో వేశాను. పొద్దునకల్లా కర్ర ఉబ్బి బిగుసుకుంది. "గట్టిగానే ఉంది, తీసుకుపో మామా" అని చేతికిచ్చాను. మన రాయచూరు ఎండ సంగతి మీకు తెలుసు. మధ్యాహ్నానికి ఆ తేమంతా ఆరిపోయింది. ఎత్తి వేసిన ఒక దెబ్బకు గొడ్డలి కామ నుంచి ఊడి, చితుకులు ఏరుతున్న ఆయన కొడుకు మోకాలి కింద తగిలింది. ఆ పిల్లవాడు తొమ్మిదో తరగతి, నా విద్యార్థే. ఎముక విరిగింది. రాయచూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రాణానికి ప్రమాదం తప్పింది గానీ ఒక ఏడాది చదువు పోయింది. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే చెబుతున్నాను, నీళ్ళలో నానబెట్టడం మరమ్మత్తు కాదు. నానిన కర్ర ఇనుప కన్నంలో ఉబ్బుతుంది, చుట్టూ చోటు లేక దాని నార నలిగిపోతుంది. ఆరిన తరువాత మునుపటికంటే సన్నబడుతుంది. అంటే ప్రతిసారీ ఇంకా వదులవుతుందన్నమాట. కన్నంలో ఇనుప మేకులు కొట్టడం కూడా మంచిది కాదు. మేకు కర్రను చీలుస్తుంది, తుప్పు పడుతుంది.

సరైన పద్ధతి ఇది. కామకు నల్లతుమ్మ మంచిది. బండి చక్రాలకు, నాగలికి మన పెద్దలు వాడిన కర్ర అదే. ముడులు లేకుండా, నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా ఉన్న ముక్కను ఎంచుకోండి. చీల్చి, నీడలో కొన్ని నెలలు ఆరనివ్వండి. పచ్చికర్రతో కామ వేస్తే అది కన్నంలోనే ఆరి సన్నబడి వదులవుతుంది. కామ కొసను కన్నానికి సరిగ్గా చెక్కి, పైకొసన నిలువుగా ఒక రంపపు కోత పెట్టండి. కన్నంలోకి దించిన తరువాత ఆ కోతలో బాగా ఎండిన గట్టి కర్ర చీలను దిగగొట్టండి. పైన మిగిలింది కోసెయ్యండి. తరువాత కామకంతటికీ అవిసె నూనె, అంటే మన కన్నడ అగసె నూనె, గుడ్డతో పలుచగా పట్టించండి. అది దొరకకపోతే కుసుమ నూనె. ఈ రెండూ కర్రలో ఇంకి ఆరిపోయే నూనెలు. ఏడాదికి రెండుసార్లు పట్టిస్తే కామ బీట్లు వారదు.

కన్నడంలో "కొడలి కావు కులక్కె మృత్యు" అని సామెత ఉంది. గొడ్డలికి కామ అయిన కర్ర తన కులానికే, అంటే చెట్లకే, మృత్యువైందని భావం. వదులైన కామ మన కులానికీ మృత్యువే అని ఆ వేసవిలో నాకు తెలిసింది.

పదును విషయానికి వద్దాం. మొద్దుబారిన గొడ్డలి మెత్తగా ఉంటుంది, దెబ్బ తగలదు అనుకుంటారు కొందరు. అది కట్టెలో దిగక పక్కకు జారి కాలి మీదికి వస్తుంది. వారానికొకసారి ఆకురాయితో అంచును రాయండి. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే ఒత్తండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తండి. రెండు వైపులా సమానంగా రాయాలి. ఆ తరువాత సానరాయి మీద నీళ్ళు చల్లి నునుపు చెయ్యండి. కట్టెలు చీల్చే గొడ్డలికి అంచు క్షురకుడి కత్తిలా పలుచగా ఉండకూడదు, పగులుతుంది.

ఈమధ్య చాలామంది వెల్డింగు షాపులో కరెంటు సానచక్రం మీద గొడ్డలి పట్టిస్తున్నారు. నిప్పురవ్వలు చూడ్డానికి బాగుంటాయి. అంచు వేడెక్కి నీలంరంగు తిరిగిందంటే మాత్రం ఇనుము గట్టితనం పోయినట్టే. ఆ గొడ్డలి రెండు దెబ్బలకే మొద్దుబారుతుంది. మాటిమాటికీ నీళ్ళలో ముంచుతూ పట్టమనండి. రంగు తిరిగినదాన్ని కమ్మరి దగ్గరికి తీసుకుపోతే కొలిమిలో కాల్చి మళ్ళీ పదును పెట్టిస్తాడు. ఊళ్ళో కొలిమి ఇంకా వెలుగుతుంటే అది మీ అదృష్టం.

చేతిరంపం పళ్ళకు జిగురు పడితే కిరోసిను గుడ్డతో తుడవండి. పెట్రోలు రంపం అద్దెకు తెచ్చుకునేవారు గొలుసు బిగువు, గొలుసు నూనె చూసుకోండి. బిగించేటప్పుడు ఇంజను ఆపాలి, గొలుసు చల్లారాలి. భుజం కంటే ఎత్తులో ఆ రంపం ఎప్పుడూ వాడకండి. దాని ముక్కుకొస కట్టెకు తగిలితే రంపం ఎగిరి మన ముఖం మీదికే వస్తుంది.

కట్టె కొట్టాం. ఇప్పుడు ఎండబెట్టాలి. పచ్చికట్టె బరువులో సుమారు మూడోవంతు నుంచి సగం దాకా నీరే ఉంటుంది. ఒక లీటరు నీటిని మరిగించడానికి పట్టే వేడికి ఆరేడు రెట్లు వేడి, మరిగిన ఆ నీటిని పూర్తిగా ఆవిరి చెయ్యడానికి పడుతుంది. పచ్చికట్టె పొయ్యిలో పెట్టినప్పుడు మీ అన్నం ఉడకాల్సిన మంటలో చాలా భాగం ఆ పనికే పోతుంది. మిగిలేది పొగ. జాలికి ఇంకో మాయ ఉంది, పచ్చిగా ఉన్నా కొంత మండుతుంది. మండుతోంది కదా అని మనం తొందరపడతాం.

సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపల కొట్టుకోండి. మణికట్టు లావుకు చీల్చండి, తొక్కతో ఉన్న గుండ్రటి దుంగ ఆరదు. నేల మీద పడెయ్యకుండా రెండు షాబాదు బండ ముక్కల మీద, గాలి ఆడేటట్టు అడ్డం నిలువుగా పేర్చండి. వాన వచ్చేముందు పైభాగం మాత్రమే తాటిపత్రితో కప్పండి, పక్కలు తెరిచి ఉంచండి. పూర్తిగా చుట్టేస్తే లోపల ఆవిరి పట్టి బూజు వస్తుంది. మన ఎండలకు రెండు మూడు నెలల్లో, మృగశిర కార్తె నాటికి కట్టె సిద్ధం. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొసల్లో బీటలు కనిపించాలి. కట్టెల కుప్పను ఇంటి గోడకు ఆనించవద్దు. తేళ్ళు, పాములు చేరతాయి. కట్టె తీసే ముందు కర్రతో తట్టండి, చీకట్లో చెయ్యి పెట్టకండి.

కందికట్టె, పత్తికట్టె మనకు దేవుడిచ్చిన వంటచెరకు. చెట్టు నరికే పని లేదు. త్వరగా అంటుకుంటాయి, త్వరగా ఆరిపోతాయి. వాటితో అంటించి, ఒక ఎండిన జాలి కట్టె జతచేస్తే రొట్టెలకు సరిపోతుంది. పత్తికట్టెతో మాత్రం జాగ్రత్త. విచ్చుకోని కాయల్లో గులాబీరంగు పురుగు దాగి ఉండి మరుసటి పంటకు పాకుతుంది. కాయలన్నీ దులిపి కాల్చెయ్యండి, కట్టెను వానలు పడేలోపల వాడెయ్యండి, పొలంలో కుప్ప పెట్టకండి. గన్నేరు కట్టె పొయ్యిలో పెట్టవద్దు, దాని పొగ విషం.

పొయ్యి గురించి రెండే మాటలు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు 1980లలో తయారుచేసిన అస్త్ర ఒలె మీలో కొందరి ఇళ్ళలో ఉండి ఉంటుంది, పొగగొట్టం ఉన్న పొయ్యి. గొట్టంలో మసి పేరుకుంటే పొగ మళ్ళీ వంటింట్లోకే వస్తుంది. "ఈ పొయ్యి పనిచెయ్యదు" అని పగలగొట్టినవాళ్ళను చూశాను. నెలకొకసారి పొడవాటి కర్రకు గోనెగుడ్డ కట్టి గొట్టం తుడిస్తే చాలు.

చివరగా, గొడ్డలి కామ వదులైందో లేదో తెలుసుకునే ఉపాయం. ఇనుము, కర్ర కలిసే చోట కర్ర మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. పని మొదలుపెట్టే ముందు, మధ్యలో ఒకసారి చూడండి. గీతకూ ఇనుముకూ మధ్య సందు కనిపించినా, గీత ఇనుము కిందికి పోయినా పని ఆపి చీల సరిచెయ్యండి. ఎవరికైనా గొడ్డలి ఇచ్చేటప్పుడు ఈ గీత చూపించి ఇవ్వండి. మా పక్కింటాయన ఇప్పటికీ మా గొడ్డలి కోసం వస్తాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై సింధనూరులో రైసుమిల్లులో పనిచేస్తున్నాడు. గొడ్డలి చేతికి ఇవ్వగానే ఆయన దాన్ని వెలుతురులోకి తీసుకుపోయి గీత చూసుకుంటాడు. గీత చెరిగిపోయి ఉంటే, "సార్, సుద్దముక్క తే" అంటాడు.